ఉపాధ్యాయుని వేసవి పఠనము



వేసవి సెలవులు ఉపాధ్యాయునకు విశ్రాంతికే కాదు, స్వీయవిద్యాభ్యాసమునకును తగిన కాలము. ఈ వేసవిని నేను గిజుభాయి బధేకాగారి 'దివాస్వప్నము' చదివితిని. న్యాయవాదవృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన మహనీయులు వారు. ఆ గ్రంథమున నొక ఉపాధ్యాయుడు నాల్గవ తరగతి పిల్లలకు పాఠములకు ముందు కథలు చెప్పును, ఆటలాడించును, తరగతిలోనే గ్రంథాలయము నేర్పఱచును. కథలకు చెవియొగ్గిన పిల్లలే పిదప పుస్తకములకు చేయి చాతురు.

మన సంఘము ప్రథములుగా తేఱిన బాలబాలికలకు బహుమతు లిచ్చుచున్నది, సంతోషము. కాని వెనుకబడిన బిడ్డకు ముందుగా కావలసినది చదువుపై ప్రీతి. కావున బహుమతుల ద్రవ్యములో సగము వెచ్చించి, మన విద్యార్థి వసతిగృహమున కథాపుస్తకముల గ్రంథాలయమును నెలకొల్పుడని పోషకులను ప్రార్థించుచున్నాను. పదుగురికి బహుమతి యిచ్చుటకంటె నందఱికి పుస్తక మందించుట సంఘమునకు శ్రేయస్కరము.