హిసాబు తప్పని శాస్త్రం

(సొసైటీ వార్షికోత్సవ సభలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చున్న పిల్లలారా! ఈరోజు నా మాటలు ముఖ్యంగా మీ కోసమే.

రసాయన శాస్త్రం అనగానే మీలో చాలామందికి భయం. ఫార్ములాలు కంఠస్థం చేస్తారు, పరీక్ష కాగానే మరచిపోతారు. నేననేది, ఇది కంఠస్థం చేసే విద్య కాదు, హిసాబు విద్య. కిరాణా కొట్టులో సేటు రాసే ఖాతా వంటిదే. లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత? రెండూ సరిపోవాలి. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లావోయిజే 1789లో ప్రచురించిన తన గ్రంథంలో చెప్పినదీ ఇదే. రసాయన చర్యలో పదార్థం రూపం మారుతుంది గాని, మొత్తం బరువు మారదు.

దాదీమాఁ పాన్‌దాన్‌లోని సున్నాన్నే తీసుకోండి. 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే 56 గ్రాముల పొడి సున్నమే మిగులుతుంది. మరి 44 గ్రాములు ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. కార్బన్ డయాక్సైడ్ వాయువై గాలిలో కలిసింది. ఆ పొడి సున్నం 18 గ్రాముల నీటితో కలిస్తే బుసబుస పొంగి, వేడెక్కి, 74 గ్రాముల తడి సున్నమవుతుంది. దాన్ని గోడకు పూస్తే, గాలిలోంచి ఆ 44 గ్రాముల వాయువును మెల్లమెల్లగా తిరిగి తీసుకుంటుంది. 18 గ్రాముల నీరు ఆరిపోతుంది. మళ్ళీ 100 గ్రాముల రాయే! సున్నం గోడమీద గట్టిపడేది అందుకే. చూశారా, పైసా తేడా లేదు. పూర్వపు మన ఆదిలాబాద్ జిల్లాలోని దేవాపూర్‌లో 1982 నుంచి సిమెంటు తయారవుతున్నదీ సున్నపురాయితోనే.

తడి సున్నం క్షారం. పసుపులో కలిపితే ఎర్రబడుతుంది. క్షారానికి ఇంగ్లీషులో వాడే ‘ఆల్కలీ’ అనే మాట అరబ్బీ ‘అల్-ఖలీ’ నుంచి వచ్చింది. మొక్కలు కాల్చిన బూడిద అని దానర్థం. ఒక హెచ్చరిక. సున్నంతో ఆటలు వద్దు. కంట్లో పడితే నలపకుండా, వెంటనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక అసలు సంగతి. మన బోథ్ చలి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. చలికాలం రాత్రి తలుపులు, కిటికీలు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవారున్నారు. “పొగ లేదు కదా, భయమేముంది?” అంటారు. ఇక్కడ కూడా హిసాబు వేయండి. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండాలంటే 32 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అప్పుడు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో అంత ఆక్సిజన్ ఎక్కడిది? 16 గ్రాములే దొరికితే వచ్చేది 28 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్. అది విషం. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, మగత. నిద్రలో ఉన్నవాడికి ఆ మగత కూడా తెలియదు. కుటుంబమంతా పడుకుని తెల్లారి లేవని వార్తలు ప్రతి చలికాలం పత్రికల్లో చూస్తూనే ఉన్నాము.

కుంపటి పక్కన నీళ్ళ గిన్నె పెట్టినా ఈ విషం పోదు. కుంపటి ఇంటి బయటే ఉండాలి. ఎవరికైనా తల తిరిగితే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, ఆ తర్వాత ఆసుపత్రికి.

పిల్లలారా! పరీక్షలో ఈ సమీకరణం రాస్తే మార్కులు వస్తాయి. ఈ రాత్రి ఇంటికి పోయి అమ్మీకి, అబ్బాకు, నానీకి చెబితే ప్రాణాలు నిలుస్తాయి. “చిన్నవాడివి, నీకేం తెలుసు?” అంటే కోప్పడకండి. పలక తీసి 12, 16, 28 అని హిసాబు వేసి చూపండి. పెద్దలకు నా మనవి ఒక్కటే. పిల్లవాడు చెప్పాడని తోసిపుచ్చకండి. చదువు ఇంటికి ఉపయోగపడేది ఇలాంటప్పుడే.