ముందు లెక్క, తర్వాత అల్లిక
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



మావారికి ఢిల్లీ బదిలీ అయ్యాక, అక్కడి చలికి భయపడి అల్లిక నేర్చుకున్నాను. పక్కింటావిడ చెప్పినన్ని కుట్లే వేసి, నెలరోజులు కూర్చుని బాబుకి స్వెటర్ అల్లాను. ఛాతీ దగ్గర బిగిసిపోయింది. వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

తప్పెక్కడో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1971లో రాసిన 'నిటింగ్ వితౌట్ టియర్స్' చదివాకే తెలిసింది. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది. అందుకే ముందుగా చిన్న ముక్క అల్లి, అంగుళానికెన్ని కుట్లో లెక్కపెట్టాలి. 5 పడితే, 24 అంగుళాల చుట్టుకొలతకు 120 కుట్లు. బ్యాంకు వాళ్లింట్లో ఉండి ఈ లెక్క చూసుకోలేదు!

డిజైన్లకైతే బార్బరా వాకర్ 'ఎ ట్రెజరీ ఆఫ్ నిటింగ్ ప్యాటర్న్స్' చూడండి.

ఆ స్వెటర్ విప్పేసి, కాస్త కొత్త ఊలు కలిపి మళ్లీ అల్లాను. బాబు రెండు చలికాలాలు వేసుకున్నాడు. తప్పు పోయినా విప్పితే ఊలు మిగులుతుంది. భయపడకుండా మొదలుపెట్టండి.