పేపర్ లీక్, అర్ధరాత్రి అరెస్ట్: చివరికి ఎవరు నష్టపోయారు?

ఎర్రగుంట్ల మండలం కలమల్ల నుంచి మాట్లాడుతున్నా. తెలుగులో దొరికిన తొలి శాసనం మా ఊరిదే, రేనాటి చోళుల కాలంది, సుమారు 575 నాటిది. దాన్ని రాయి మీద చెక్కి పెట్టినారు. ఈ రోజు టాపిక్ దానికి పూర్తిగా రివర్స్: సర్కారు సీలు వేసి దాచిపెట్టిన కాగితం బయటికొస్తే ఏమవుతుంది? అది ప్రతిపక్ష నాయకుడి ఫోన్లో కనబడితే, లేదా ఆయన పేరు ఆ కేసులోకి వస్తే?

ఒక మాట ముందే చెప్తా. మాది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్యలో ఉండే ఏరియా. ఇక్కడ రాజకీయం మాట్లాడితే "నువ్వు ఏ పార్టీ అబ్బా?" అని అడుగుతారు. అందుకే రెండు రాష్ట్రాల నుంచి, రెండు వేర్వేరు ప్రభుత్వాల టైంలో జరిగిన రెండు కేసులు తీసుకున్నా. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది మన ఆంధ్రప్రదేశ్‌ది. 2022 ఏప్రిల్ 27న టెన్త్ పరీక్షలు మొదలైనాయి. మొదటి రోజే తెలుగు పేపర్ ఫొటోలు వాట్సాప్‌లో తిరిగినాయి. చిత్తూరు జిల్లాలో కేసు పెట్టినారు. రాష్ట్రమంతా పదుల సంఖ్యలో టీచర్లను అరెస్ట్ చేసినారు. మే 10న పోలీసులు హైదరాబాద్ పోయి మాజీ మంత్రి నారాయణను అరెస్ట్ చేసి చిత్తూరు తీసుకొచ్చినారు. అప్పుడు ఉన్నది వైఎస్సార్సీపీ ప్రభుత్వం, ఆయన తెలుగుదేశం నాయకుడు. ఆయన పేరుతో ఉన్న విద్యాసంస్థల వాళ్ళకి లీక్‌తో సంబంధం ఉందని పోలీసుల మాట. ఆ సంస్థల పదవి నుంచి ఆయన 2014లోనే తప్పుకున్నారని ఆయన లాయర్ల మాట. తెల్లారేసరికి మేజిస్ట్రేట్ బెయిల్ ఇచ్చినారు.

రెండోది తెలంగాణది. 2023 ఏప్రిల్ 4న టెన్త్ హిందీ పరీక్ష. హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో ఒక సెంటర్ నుంచి ప్రశ్నపత్రం ఫొటో బయటికొచ్చింది. అంతకు ముందు రోజే వికారాబాద్ జిల్లా తాండూరులో తెలుగు పేపర్‌కీ ఇదే గతి పట్టింది. కమలాపూర్ ఫొటో గ్రూపులన్నీ తిరిగి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు, కరీంనగర్ ఎంపీ బండి సంజయ్ ఫోన్‌కి కూడా చేరింది. ఆ రాత్రి పన్నెండు దాటినాక కరీంనగర్‌లో ఆయన్ను పోలీసులు ఎత్తుకుపోయినారు. ముందు యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం స్టేషన్, తర్వాత హనుమకొండ కోర్టు. కేసులో ఏ-1గా పెట్టినారు. కోర్టు రిమాండ్ వేసి కరీంనగర్ జైలుకి పంపింది. ఏప్రిల్ 6న బెయిల్, మరుసటి రోజు విడుదల. అప్పుడు ఉన్నది బీఆర్ఎస్ ప్రభుత్వం.

ఆ టైం కూడా గుర్తుపెట్టుకోండి. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ పేపర్ల లీక్ బయటపడి గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. లక్షలమంది నిరుద్యోగులు మండిపడుతున్నారు. ఆ లీక్ మీద సర్కారును రోజూ తిట్టిన నాయకుల్లో సంజయ్ ఒకరు. ఏప్రిల్ 8న ప్రధాని హైదరాబాద్ వస్తున్నారు. సరిగ్గా ఆ మధ్యలో ఈ అరెస్ట్. కక్ష సాధింపు అని బీజేపీ అనింది. ప్రభుత్వాన్ని బద్నాం చేయడానికి కావాలని కుట్ర పన్నినారని పోలీసులు అన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది నిజంగా లీకేనా?

పరీక్ష 9:30కి. అంతకు ముందు ఆ పేపర్లు పోలీస్ స్టేషన్లలో భద్రంగా ఉంటాయి, పొద్దున సెంటర్‌కి పోతాయి, అక్కడ అధికారుల ముందు సీలు విప్పుతారు. 9:30కి ముందే ఫొటో బయటికొస్తే అది నిజమైన లీక్, పరీక్ష మొత్తం చెడినట్టు. 9:30 తర్వాత వస్తే? పిల్లలు అప్పటికే లోపల కూర్చుని రాస్తుంటారు. బయట ఉన్నోడు జవాబులు రాసి లోపలికి స్లిప్పులు పంపితేనే లాభం. అది కాపీయింగ్. తప్పే, నేరమే, కాని రెండూ ఒకటి కాదు. రెండు రాష్ట్రాల్లోనూ అధికారులు మొదట్లో చెప్పింది ఇదే, "పరీక్ష మొదలైనాక వచ్చింది, లీక్ కాదు" అని. మరి లీకే కాకపోతే నాయకుడి ఇంటికి అర్ధరాత్రి ఎందుకు పోయినట్టు? అదేమన్నా అంటే, కుట్ర అన్నారు. సంజయ్‌కి ఆ ఫొటో అందింది పరీక్ష మొదలైన దాదాపు రెండు గంటలకి. ఆ టైంలో ఆ ఫొటోతో ఏ పిల్లోడికీ మార్కులు పెరగవు, రాజకీయానికి మాత్రం పనికొస్తుంది. కాబట్టి కోర్టులో తేలాల్సింది ఒకటే: ఆయన తీయమన్నాడా, లేక వచ్చింది చూసినాడా? ఫోన్‌కి మెసేజ్ రావడం ఒకటి, మెసేజ్ తెప్పించుకోవడం ఇంకొకటి. ఈ తేడా మీకూ నాకూ చాలా ముఖ్యం. ఎందుకంటే మన ఫోన్లకి రోజుకి వంద వస్తాయి, మనం అడగకుండానే.

ఇదేదో మన దగ్గరే అనుకోవద్దు. 2008 నవంబర్ 27న బ్రిటన్‌లో డామియన్ గ్రీన్ అనే ప్రతిపక్ష ఎంపీని పోలీసులు అరెస్ట్ చేసినారు. హోం శాఖలో పనిచేసే చిన్న ఉద్యోగి ఒకాయన ఫైళ్ళు తెచ్చి ఆయనకిచ్చేవాడు. అవి పేపర్లలో వచ్చేవి, సర్కారు పరువు పోయేది. గ్రీన్‌ని తొమ్మిది గంటలు స్టేషన్లో పెట్టినారు. పార్లమెంటులో ఉన్న ఆయన ఆఫీసును వారెంట్ లేకుండా సోదా చేసినారు. దేశమంతా గొడవ. 2009 ఏప్రిల్‌లో అక్కడి ప్రాసిక్యూషన్ అధిపతి కేసు నడపలేమని తేల్చేసినారు. ఆ అధిపతి పేరు కీర్ స్టార్మర్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన.

గ్రీన్ కేసుకీ మన కేసులకీ తేడా ఉంది. అక్కడ బయటికొచ్చినవి సర్కారు తప్పుల్ని చూపించే కాగితాలు. ప్రజలకి తెలియాల్సినవి. ప్రశ్నపత్రం అట్లాంటిది కాదు, అది బయటికొస్తే కష్టపడి చదివిన పిల్లోడికి అన్యాయం. "లీక్" అనే ఒక్క మాటలో ఈ రెండింటినీ కలిపేస్తారు. మీరు కలపొద్దు. ఏదైనా లీక్ వార్త చూస్తే ముందు ఒకటే అడగండి: ఇది దాచినందువల్ల ఎవరికి లాభం, బయటికొచ్చినందువల్ల ఎవరికి నష్టం?

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన విషయానికొస్తా. ఈ ముగ్గురు నాయకులూ ఇప్పటిదాకా ఏమైనారు? డామియన్ గ్రీన్ తర్వాత మంత్రి అయినాడు, అదీ పోలీసు వ్యవహారాలు చూసే మంత్రి. నారాయణ 2024లో నెల్లూరు సిటీ నుంచి గెలిచి మళ్ళీ మంత్రి అయినారు. బండి సంజయ్ 2024 జూన్‌లో కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయినారు. నారాయణకీ సంజయ్‌కీ అరెస్ట్ వల్ల రాజకీయంగా పెద్ద నష్టమేం జరగలేదు.

మరి మిగతావాళ్ళు? లండన్‌లో ఆ చిన్న ఉద్యోగి ఉద్యోగం పోయింది. కమలాపూర్‌లో ఎవరి పేపర్ ఫొటో తీసినారో ఆ పదో తరగతి పిల్లోణ్ణి డిబార్ చేసినారు, ఐదేళ్ళు. కిటికీ దగ్గర కూర్చుని పరీక్ష రాస్తున్న పిల్లోడు. బయటోళ్ళు వచ్చి పేపర్ తీసుకుంటే లోపలోడికి శిక్ష. ఆ కుటుంబం హైకోర్టుకి పోతే గాని మిగతా పరీక్షలు రాయనీలేదు. మళ్ళీ 2025 మార్చిలో నల్గొండ జిల్లా నకిరేకల్‌లో అచ్చం ఇదే కథ: కిటికీ, ఫోన్, ఫొటో, డిబార్ అయింది ఒక ఆడపిల్ల. ఈసారి ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ లీక్ గురించి పోస్ట్ పెట్టినందుకు కేటీఆర్ మీద కేసు. 2023లో ఆయన మంత్రి, 2025కి ప్రతిపక్షం. కుర్చీలు మారినాయి, పద్ధతి మాత్రం మారలేదు.

టీవీల్లో గంటలకొద్దీ డిబేట్లు నాయకుడి అరెస్ట్ మీదే. కిటికీకి జాలీ ఎందుకు లేదు, ప్రహరీ గోడ ఎందుకు అంత పొట్టిగా ఉంది, ఇన్విజిలేటర్ ఏం చేస్తున్నాడు, ఇవి ఎవరూ అడగరు. నాయకుణ్ణి అరెస్ట్ చేస్తే సర్కారు గట్టిగా పనిచేసినట్టు కనిపిస్తుంది. జాలీ వేయిస్తే ఎవరికీ కనిపించదు. కాని పిల్లల్ని కాపాడేది జాలీనే.

నాయకుల్ని అరెస్టే చేయకూడదని నేను అనడంలేదు. ఎంపీ అయినా క్రిమినల్ కేసులో అరెస్ట్ నుంచి మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. కాని పద్ధతి ఉంది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్ట్ ఎందుకు అవసరమో కారణాలు రాయకుండా చేయొద్దని, అవసరం లేకపోతే నోటీసిచ్చి పిలవమని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్ట్ చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. నాయకుడికి పది మంది లాయర్లు ఉంటారు, రాత్రికి రాత్రే హైకోర్టులో పిటిషన్ పడుతుంది. మీకూ నాకూ ఆ సౌకర్యం లేదు. అందుకే ఈ రూల్ నాయకుల కోసం కంటే మన కోసమే ఎక్కువ.

చివరగా మూడు మాటలు. ఒకటి, పరీక్ష రోజుల్లో ప్రశ్నపత్రం ఫొటో మీ గ్రూపులోకొస్తే ఫార్వర్డ్ కొట్టొద్దు. "నేను తీయలేదు కదా" అంటే సరిపోదు. ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఫోన్లు తీసుకుని ఒక్కొక్క మెట్టూ వెనక్కి వెళ్తారు. రెండు, ఆఫీసులో నిజంగా అవినీతి కాగితం మీకు తెలిస్తే, దానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఆ కాగితాన్ని దొంగచాటుగా కాకుండా దరఖాస్తు పెట్టి రాబట్టొచ్చు. టైం పడుతుంది, కాని మీ మీద కేసు పడదు. మూడు, పోలీసుల నుంచి నోటీసు వస్తే దాక్కోవద్దు, లాయర్‌తో పోండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవల సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. ఈ నంబర్ మీ ఫోన్లో సేవ్ చేసుకోండి, ఇప్పుడే.

మీ ఇంట్లో ఈ ఏడు టెన్త్ రాసే తమ్ముడో చెల్లెలో ఉంటే ఒక మాట చెప్పండి: కిటికీ బయట నుంచి ఎవరైనా పేపర్ అడిగితే వెంటనే చేయెత్తి ఇన్విజిలేటర్‌ని పిలవమని. భయపడి ఊరుకోవద్దని. ఆ పేపర్ ఎవరి ఫోన్ దాకా పోతుందో, దాని మీద ఎవరు ఎంత రాజకీయం చేసుకుంటారో ఆ పిల్లకి తెలీదు. డిబార్ అయ్యేది మాత్రం తనే.

ఉంటా మరి. మళ్ళీ కలుద్దాం.