ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం: శిథిలత దేనికి సాక్ష్యం?

వెళ్లిపోయినవారిని స్మరించే వేదిక మీద, వెళ్లిపోకుండా మనం ఆపగలిగిన ఒక కట్టడం గురించి మాట్లాడటం అనుచితం కాదనుకుంటాను. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాత భవనం 2020 జూలైలో మూతపడింది. దాన్ని కూల్చి బహుళ అంతస్తుల టవర్లు కడతామని ప్రభుత్వం 2015లో ప్రకటించింది. ఆనాటి నుంచీ కూల్చాలన్నవారి వాదన ఒకటే: భవనం శిథిలమైంది, అందువల్ల తీసేయాలి. మొదటి సగం కొంతవరకు నిజమే. కానీ మొదటి సగాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండో సగాన్ని ఒప్పుకోనక్కర్లేదు. శిథిలత ఎలా వచ్చిందని అడగకుండా దాన్నే కూల్చివేతకు సాక్ష్యంగా చూపడం, కాలువ కట్టేసి పైరు ఎండిందని నివేదిక రాసినట్టుంటుంది.

ఈ భవనం ఒక విపత్తు నుంచి పుట్టింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. మృతుల సంఖ్య 15 వేల దాకా ఉంటుందని అంచనా. ఆ వరదలో అఫ్జల్‌గంజ్‌లోని అప్పటి ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారని చెబుతారు. తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. నదికి ఇరువైపులా నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దే ఆ పనిలో భాగంగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఈ ఆసుపత్రికి రూపకల్పన చేశారు. 1925 నాటికి అది పూర్తయింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల, ఈవల ఆసుపత్రి: న్యాయం, చదువు, వైద్యం ఒకే నది మీద ఎదురెదురుగా నిలిచాయి. ఈ మూడింటినీ కలిపి చూడాలి. ఇందులో ఒకదాన్ని తీసేస్తే పోయేది ఒక భవనం మాత్రమే కాదు. వరద తర్వాత ఒక నగరం తనను తాను ఎలా నిలబెట్టుకుందో చెప్పే ఆధారంలో మూడో వంతు పోతుంది. వైద్యచరిత్ర సంగతి వేరే. మత్తుమందుగా క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో కమిషన్లు పనిచేసింది ఈ నగరంలోనే. ఆయన నడిపిన వైద్య పాఠశాల పరంపరే తర్వాత ఈ ఆసుపత్రికి అనుబంధమైన ఉస్మానియా వైద్య కళాశాల అయింది.

ఇక అసలు ప్రశ్న. ఇలాంటి కట్టడం ఎలా పాడవుతుంది? డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది కూడా. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది, పెచ్చులు ఊడతాయి. పైకప్పు మీద వాననీటి గొట్టాలు పూడిపోతే నీళ్లు నిలుస్తాయి. గుమ్మటాల సందుల్లో పక్షులు వేసిన గింజ రావి మొక్కవుతుంది. ఏడాదికోసారి పీకేస్తే అది మొక్కే, పదేళ్లు వదిలేస్తే దాని వేరు గోడను చీల్చుతుంది. తర్వాతెప్పుడో చేర్చిన మరుగుదొడ్ల పైపులు కారుతూ ఉంటే గోడ కాలమంతా తడిగానే ఉంటుంది. వీటిలో ఒక్కటీ వయసు తెచ్చిన జబ్బు కాదు. అన్నీ నిర్వహణ లోపాలే, అన్నిటికీ మందు తెలిసిందే. 2020 జూలైలో కుండపోత వానకు కింది వార్డుల్లోకి మురుగునీళ్లొచ్చాయి. ఆ దృశ్యాలు చూసి భవనానికి కాలం చెల్లిందన్నారు. అప్పుడు పొంగింది మూసీ కాదు, పూడిక తీయని మురుగు కాలువలు. వాటి నేరానికి శిక్ష భవనానికి పడింది: ఖాళీ చేయించి తాళం వేశారు.

పోలికకు దూరం పోనక్కర్లేదు, నది దాటితే చాలు. హైకోర్టు భవనం కూడా ఎష్ పనే, అదే కాలానిది. 2009లో అందులో అగ్నిప్రమాదం జరిగింది. కూల్చమని ఎవరూ అనలేదు. బాగుచేశారు, న్యాయస్థానం అక్కడే కొనసాగింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను పునరుద్ధరించి 2020 ఆగస్టులో, అంటే ఆసుపత్రికి తాళం పడిన మరుసటి నెలలో, మళ్లీ ప్రారంభించారు. అంతకన్నా వందేళ్లకు పైగా పాతదైన కోఠీ బ్రిటిష్ రెసిడెన్సీ భవనం కూలే స్థితి నుంచి తేరుకుంది. కాబట్టి ఈ నగరంలో పనివాళ్లు లేరనీ, నైపుణ్యం లేదనీ చెప్పే వీల్లేదు.

రోగుల మాటేమిటన్నది బలమైన ఆక్షేపణ. రాళ్ల కోసం ప్రాణాలు బలిపెడతామా అన్నవారిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నేలమీద పరుపులేసుకుని పడుకున్న రోగికి గుమ్మటం అందం గురించి చెప్పడం క్రూరత్వం. ఈ భవనం నేటి ఆపరేషన్ థియేటర్లకూ, ఐసీయూలకూ సరిపోదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రిగా పనికిరాకపోవడం వేరు, కట్టడంగా పనికిరాకపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఏళ్లు వృథా అయ్యాయి. ఆ కాలంలో రోగులకు దక్కిందేమీ లేదు. విడదీయగానే చిక్కుముడి వీడింది: 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. దాని అంచనా వ్యయం రెండు వేల కోట్ల రూపాయలకు పైమాటే. కొత్త ఆసుపత్రి రావాలంటే పాతది పోవాల్సిందేనన్న వాదనకు ఆనాటితో ఆధారం పోయింది.

ఇది నిజాం పాలనకు గుర్తు, దీని మీద మోజెందుకు అనేవారూ ఉన్నారు. ఆ పాలనలో రైతు పడ్డ బాధలను మరిచే చరిత్ర నాకూ వద్దు. అయితే ఆ రైతు పన్నులతో కట్టినవాటిలో పేదవాడు కాలు పెట్టగలిగినవి ఎన్ని? ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తళతళలాడుతూ హోటలైంది. పేదల ఆసుపత్రి మీదికి మాత్రం గునపం వచ్చింది. ఫ్యూడల్ చిహ్నాల మీద కోపమే కారణమైతే వరస ఇలా ఉండదు కదా.

చట్టం ఆదుకుంటుందా? సగమే. వారసత్వ కట్టడాలను కాపాడిన పాత జోనింగ్ నిబంధనను 2015 చివర్లో తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాదే పాత సచివాలయంతో పాటు 1888 నాటి సర్వహిత భవనం నేలమట్టమైంది. పౌరులు కోర్టుకెక్కితే ఒకటి బతికింది, ఇంకొకటి పోయింది. కట్టడాలను ఇలా అదృష్టానికి వదిలేయడం రక్షణ అనిపించుకోదు.

అందుచేత ప్రభుత్వానికి నా విన్నపం చిన్నదే. ఆ భవనంలో వైద్యచరిత్ర మ్యూజియం పెట్టాలా, గ్రంథాలయమా, వైద్య కళాశాల తరగతులా అన్నది తీరిగ్గా, జనంతో చర్చించి తేల్చుకోవచ్చు. తాళం వేసిన కట్టడం మాత్రం అంతకాలం ఆగదు. వచ్చే వానాకాలంలోగా గుమ్మటాల మీది మొక్కలు వేళ్లతో సహా తీయించండి, వాననీటి గొట్టాలు బాగు చేయించండి, సున్నం పని తెలిసిన మేస్త్రీలను లోపలికి పంపండి. ఈ మూడు పనులకూ కొత్త చట్టం అక్కర్లేదు, ఏ కమిటీ నివేదిక కోసమూ ఆగనక్కర్లేదు.