సైబీరియా చుట్టాలు కావు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నన్ను ఇంజనీరింగ్ గురించి మాట్లాడమనలేదు, మీరంతా బతికిపోయారు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా నేను తీసే పక్షుల ఫొటోల గురించి చెప్పమన్నారు.

మన చిన్నప్పుడు టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద వాలే పెద్ద పక్షుల్ని అందరూ సైబీరియా పక్షులనేవారు. ఇప్పటికీ అంటున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కెమెరా కొని వాటిని తీశాను. ముప్పయ్యారు ఫొటోల రీలులో పనికొచ్చినవి రెండే. కాశీబుగ్గ స్టూడియోలో ప్రింటు వేయించి, వెనకాల "సైబీరియా చుట్టాలు" అని నేనే రాసుకున్నాను.

ఆ మాట తప్పని చెప్పినవి కూడా ఫొటోలే. ఏటేటా అవే చెట్లను తీస్తూంటే వరస తెలిసింది. వర్షాలు వెనకబడుతుండగా పక్షులు దిగుతాయి, పుల్లలు మోసుకొస్తాయి, గుడ్లు పెడతాయి. సంక్రాంతికి వెళ్ళి చూస్తే గూళ్ళలో పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటూ ఉంటాయి. ఎండలు ముదిరేసరికి చెట్లు ఖాళీ. చలికి తట్టుకోలేక వచ్చిన చుట్టం మనింట్లో పురుడు పోసుకుంటుందా? అనుమానం వచ్చి పుస్తకాలు తిరగేశాను. ముక్కు మీద చుక్కలుండే ఈ గూడబాతు, అదే పెలికాన్, మన దేశంలోనూ శ్రీలంక, కంబోడియాల్లోనూ గూడు కట్టే పక్షి. సైబీరియా మొహం చూడదు. వెనకవైపు ఈకల మీద గులాబీ రంగు పూసినట్టుండే ఎర్రకాళ్ళ కొంగా అంతే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరితో వచ్చి, ముక్కు మధ్య సందుతో పొలాల్లో నత్తలు ఏరుకుతినే ఓపెన్ బిల్ కొంగా అంతే. నిజంగా ఉత్తరాన మంచుదేశాల నుంచి వచ్చేవి శీతాకాలంలో నౌపడ ఉప్పుమడుల వైపు తిరిగే పిడికెడంత ఉల్లంకి పిట్టలు. వాటికేసి ఎవరూ చూడరు.

ఏ దేశానివైతే ఏమిటంటారా? చుట్టం ఒక ఏడు రాకపోతే, వాళ్ళూళ్ళో ఉందిలే అనుకుంటాం. ఇవి పుట్టేదే ఇక్కడ. ఈ చెట్లు, ఈ తంపర, ఈ చెరువులు పోతే వెనక్కి వెళ్ళడానికి వాటికి సైబీరియా లేదు.

ఇంత చెప్పే నేనే ఒక తప్పు చేశాను. కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఊరి వాళ్ళు దూరం నుంచి చూడమంటే వినకుండా, తక్కువ ఎత్తులో ఉన్న గూడు కిందికి వెళ్ళాను. పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచాయి. మంచి వెలుగు, వెయ్యో వంతు సెకను షట్టర్, ఒక్కో ఈకా విడివిడిగా పడింది. నేను ఫొటో చూసుకునే లోపు కాకులు దిగాయి. ఒక గుడ్డు పోయింది. గట్టు మీద పుల్లలేరుకుంటున్న ఒక ముసలమ్మ చూసింది. "ఏటి బావూ, నీకు బొమ్మ కావాల. దానికి పిల్లలక్కర్లేదేటి?" అంది. జవాబు చెప్పలేకపోయాను. నేను తీసినవాటిలో అంత బాగా వచ్చిన ఫొటో మరొకటి లేదు. ఈరోజు తెర మీద చూపేవాటిలో అది లేదు.

ఇక ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా తోటలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కొన్ని తల తెగి మోళ్ళలా నిలబడ్డాయి. నాకప్పుడు కెమెరా ముట్టుకోబుద్ధి కాలేదు. మరుసటి ఏడు చూస్తే ఆ మోళ్ళ తొర్రల్లో చిలకలు, గోరింకలు కాపురం పెట్టాయి. కొన్నాళ్ళకు మోళ్ళు కొట్టించి మొక్కలు వేయించాం. తోట మీద బతికేవాళ్ళం, తప్పదు. కొట్టేముందు తీసిన ఫొటోలు మాత్రం ఉన్నాయి.

వేసవి వస్తే నన్నందరూ అడిగేది ఎలుగుబంటి ఫొటో. నా దగ్గరున్నది ఒక్కటే. మసక చీకట్లో మా మేనమామ డాబా మీంచి తీశాను. నల్లటి మచ్చ, అంతే. అంతకంటే దగ్గరికి నేను వెళ్ళను, మిమ్మల్నీ వెళ్ళనివ్వను. ఎలుగు దెబ్బకు ప్రాణాలు పోయిన ఊళ్ళు మనవి. జీడిపిక్క తీసుకుని పండును చెట్టు కిందే కుప్పపోస్తాం. ఆ తీపి వాసనకు, పనసపండుకు అది కొండ దిగుతుంది. పండును కుప్పలుగా వదిలేయకుండా ఏదైనా చెయ్యొచ్చా అని మన బ్యాచ్‌లో జీడి వ్యాపారంలో ఉన్నవాళ్ళను అడుగుతూనే ఉన్నాను. ఇందాక భోజనాల దగ్గర కూడా అడిగాను, నవ్వేశారు. మళ్ళీ అడుగుతాను.

పిల్లల్ని తీసుకుని తేలినీలాపురం వెళ్ళాలనుకునేవాళ్ళు సంక్రాంతి సెలవుల్లో రండి. పొద్దున్నే వెళ్దాం. నా దగ్గర రెండు బైనాక్యులర్లు ఉన్నాయి, వంతులవారీగా చూడొచ్చు. చెట్ల కిందికి మాత్రం వెళ్ళనివ్వను, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు ఫొటోలు చూద్దాం. వెనక బెంచీ మిత్రులెవరైనా కాస్త లైట్లు ఆర్పండి. మొదటిది ఆ పాత ప్రింటు. వెనకాల రాసిన "సైబీరియా" కొట్టేశాను, అది కూడా చూపిస్తాను.