చాప కింద బూజు



ఈ దినం ధ్యానం కొరకు లేవీయకాండం 14వ అధ్యాయం 33 నుండి 53 వరకు ఉన్న వచనాలు తెరవండి. ఇంటి గోడకు పట్టిన పొడను గూర్చిన భాగమిది. పచ్చగానో ఎర్రగానో చారలు కనబడతాయి, అవి గోడలోనికి దిగి ఉంటాయి. ఇది బూజు వంటిదని అనేకమంది వ్యాఖ్యాతలు తలంచారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలా మునిగిన ఇంట్లో నేల ఆరకముందే ప్లాస్టిక్ ఫ్లోరు మ్యాటు పరిస్తే ఏమవుతుంది? గది అందంగానే కనబడుతుంది. కాని సిమెంటులోని చెమ్మ పైకి వస్తూనే ఉంటుంది, మ్యాటు కింద గాలి ఆడదు, బూజు పడుతుంది. ముక్కిపోయిన వాసన, పిల్లలకు దగ్గు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం. చాప కింద నీరు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

మొదట నీరు ఎక్కడనుండి వస్తుందో కనిపెట్టి ఆపాలి. మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి మ్యాటు లేపాలి. పొడిగా ఊడవకండి, బూజు గాలిలోకి లేస్తుంది. కొంచెం తడిపి, సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. బూజు పీల్చుకున్న అట్ట, స్పాంజి పారవేయాలి. బ్లీచింగు వాడితే దానిలో యాసిడ్ కలపకండి, విషవాయువు పుడుతుంది. తరువాత బాగా ఆరనివ్వాలి. ఒక పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి మరునాడు లేపి చూడండి. కింద చెమ్మ పట్టి ఉంటే నేల ఇంకా ఆరలేదన్నమాట.

ఇప్పుడు వాక్యాన్ని గమనించండి. ఇంటి యజమానుడే యాజకుని దగ్గరకు వచ్చి చెప్పాలి. యాజకుడు చూడకముందే ఇల్లు ఖాళీ చేయించాలి, లోపల ఉన్నది అపవిత్రం కాకూడదు. ఏడు దినాలు ఇల్లు మూసి ఉంచాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల పారవేసి, లోపల అంతా గీకించాలి. కొత్త పూత చివరికి వస్తుంది. మనమైతే పూతతోనే మొదలుపెడతాం!

సహోదరీ సహోదరులారా, మన క్రైస్తవ కుటుంబాల్లో భార్యను కొట్టే ఇళ్లు లేవా? ఆదివారం తెల్లబట్టలు, సోమవారం దెబ్బలు. ఆమె సంఘపెద్దల దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటే, "సర్దుకుపో తల్లీ, పరువు పోతుంది" అని పంపిస్తాం. అది బూజు మీద కొత్త మ్యాటు పరచడమే. నీరు ఆపకుండా నేల ఆరదు. కొట్టే చెయ్యి ఆగకుండా సమాధానం రాదు.

దేవుడు కుండలను, మంచాలను సైతం ముందుగా బయటికి తెప్పించాడే! ఆయన స్వరూపంలో చేయబడిన స్త్రీని, పిల్లలను ముందుగా భద్రమైన చోటికి చేర్చవద్దా? అమ్మా, మీరు అటువంటి ఇంట్లో ఉంటే మౌనంగా ఉండకండి, 181కు ఫోను చేయండి. ఇది అవిశ్వాసం కాదు. అయ్యా, కొట్టేవారు మీరే అయితే, ఎవరో వచ్చి మ్యాటు లేపేవరకు ఆగకండి. యజమానుడే వచ్చి చెప్పాలని వాక్యం.

బాగుపడిన ఇంటి కొరకు ప్రాయశ్చిత్తం జరిగేది. ఒక పక్షి వధించబడేది, మరొకటి పొలాల మీదికి స్వేచ్ఛగా ఎగిరిపోయేది. మన కొరకు వధించబడినవాడు క్రీస్తే. ఆయన మన ఇంటిని కప్పిపుచ్చడానికి రాలేదు, బాగుచేయడానికి వచ్చాడు.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మేము దాచినదానిని వెలుగులోనికి తెచ్చే ధైర్యం మాకు దయచేయుము. దెబ్బలు తింటున్న నీ బిడ్డలకు ఆశ్రయమిచ్చే చేతులుగా నీ సంఘాన్ని చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.