వినవలసిన విద్య



పరిరక్షణ విద్యను, దానికి తోడైన కమ్యూనికేషనును స్నాతకోత్తర స్థాయిలో ఎట్లు బోధింపవలెనో చెప్పుమని ఈ సభ నిర్వాహకులు నన్ను కోరిరి. ఆ ఇంగ్లీషు మాటకు తెలుగు వెదకుకొనుచుండగనే నాకు మొదటి చిక్కు ఎదురైనది. దానిని కొందరు ప్రసార మనిరి, కొందరు ప్రచార మనిరి. రెండును ఈ దరినుండి ఆ దరికి పోవునవే గాని తిరిగి వచ్చునవి కావు. సంభాషణ మన్న మాట మన పాఠ్యప్రణాళికా రచయితలకు ఏల తోపలేదో!

1977లో టిబిలిసీ నగరమున సమావేశమైన నానాదేశ ప్రతినిధులు పర్యావరణ విద్యకు లక్ష్యములు నిర్ణయించిరి. 1991లో మన సర్వోన్నత న్యాయస్థానము దానిని విద్యాలయములలో తప్పక బోధింపవలెనని ఆదేశించెను. తీర్మానములకు కొఱత లేదు. పుస్తకము అచ్చయినది, పరీక్ష జరిగినది, మార్కులు పడినవి. చెరువుగట్టున తుమ్మచెట్టు కొట్టువాడు ఆ పుస్తకమును చూడలేదు, పుస్తకము వ్రాసినవారు వానిని చూడలేదు.

ఈ విద్యకు తొలిపాఠముగా నేను కడప జిల్లా కలివికోడి కథనే పెట్టుదును. కంపెనీవారి సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర పేరిట 1848లో శాస్త్రగ్రంథముల కెక్కిన ఆ పక్షి, 1900 తరువాత ఏ పండితుని కంటను పడక, నశించినదనియే చాలమంది తలచిరి. అది పగలెల్ల పొదలచాటున నక్కి, రాత్రివేళ వెలువడి మేత వెదకుకొను పక్షి. పగటిపూట దుర్భిణులతో వెదకిన వారికి అది దొరకకుండుట వింత గాదు. తుదకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మను చేతబట్టుకొని, లంకమల ప్రాంతమున పల్లెపల్లెకును పోయి విచారింపగా, 1986 జనవరిలో ఐతన్న యను వేటకాడు రాత్రి దీపపు వెలుగున దానిని చేతబట్టి తెచ్చెను. ఆ పక్షి బ్రతుకలేదు. అది వేఱు విచారము. కాని ఎనుబదియాఱేండ్లు శాస్త్రమునకు అదృశ్యమైన జీవి, అడిగినవారికి ఆ ఊరివాని చేతిలో కనబడినది. కలివిపొదల చాటున తిరుగునది గనుక కలివికోడి యని వారు దానికి పేరు కూడ పెట్టుకొని యుండిరి. తరువాత వచ్చిన పరిశోధకులు పొదలనడుమ బాటలలో మెత్తని మట్టి పఱచి, తెల్లవారిన పిదప అడుగుజాడలు వెదకిన పద్ధతియు, నా దృష్టిలో, వేటకాండ్ర విద్యకు దగ్గఱి చుట్టమే.

ఐనను పల్లె చెప్పినదెల్ల వేదవాక్కని నేననుట లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమున ఏటేటా గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును ఇండ్లనడుమ చింతచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను లేపును. గ్రామస్థులు వానిని శుభసూచకములుగా నెంచి కాపాడుచున్నారు. ఆ పక్షులు సైబీరియానుండి వచ్చునను మాట మాత్రము నిజము గాదు. అవి మన భారతదేశపు పక్షులే. ఆ మాటను పల్లెయే కల్పించెనా? కాదు; బయటివారే, పత్రికలలోను ఫలకములపైనను వ్రాసివ్రాసి దానిని స్థిరపఱచిరి. ఇప్పుడు మన విద్యార్థి అక్కడికి పోయి ఏమి చేయవలెను? దూరదేశపు అతిథులన్న గౌరవమును తుడిచివేసి సత్యమును నిలుపవలెనా, చెట్లు నిలుచుచున్నవి గదా యని ఊరకుండవలెనా? నేను సత్యము పక్షమే. ఐతే దానిని సభ పెట్టి ప్రకటింపక, చింతచెట్టుక్రింద నిలిచి, ఈ పక్షులు తక్కిన నెలలలో ఏ చెరువులకు పోవునో ఆ ఊరివారితో కలిసి వెదకుట మేలు. రెండేండ్ల స్నాతకోత్తర పాఠక్రమములో ఒక సంవత్సరము ఇట్టి చిక్కు ఒక్కదానికే కేటాయించినను నాకు అధికమనిపింపదు.

మా విద్యార్థులు కొందఱు ఒకానొక పల్లెకు తీతువును గూర్చి చెప్పుటకు పోయిరి. నేనును వెంట నుంటిని. మేము శ్రమపడి వేయించిన పటములో పక్షి, కాగితమంత నిండుగా, రెండడుగుల ఎత్తున నిలిచి యుండెను. ఒక ముసలమ్మ దానిని చాలసేపు చూచి, "ఇంత పెద్ద పిట్ట మా పొలాల్లో ఎక్కడుంది నాయనా? మీ దేశంలో ఉంటే దాన్ని అక్కడే కాపాడుకోండి" అన్నది. అందఱును నవ్విరి. నేను సిగ్గుపడి, తీతువు ఎంత యుండునో చూపుమంటిని. ఆమె పొయ్యిలో నుండి బొగ్గుముక్క తెచ్చి, వాకిటి బండపై దాని గుడ్లను మొదట గీసెను: నాలుగు, కొనలు లోపలికి తిరిగి, గులకరాళ్లనడుమ. మా పటములో గుడ్లు లేవు.